ఆకు కషాయంతో వెండి నానో కణాలు: ల్యాబ్ కిట్ సమీక్ష

తిరుపతిలో ల్యాబ్ సామాన్లు అమ్మే చోట, ఆకులతో లోహ నానో కణాలు (కంటికి కనిపించనంత సన్నటి లోహపు రేణువులు) తయారుచేసే కిట్ ఒకటి 3,200 రూపాయలకు దొరుకుతోంది. బీఎస్సీ, ఎమ్మెస్సీ ప్రాజెక్టులు చేసే పిల్లలు, వాళ్లకు గైడుగా ఉండే లెక్చరర్లు దీన్ని కొంటున్నారు. కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు. ఇలాంటి కిట్లు ఎవరు అమ్మినా పెట్టెలో ఉండే సరుకులు దాదాపు ఇవే కాబట్టి, మీరు ఏది కొన్నా కింద రాసింది పనికొస్తుంది.

ముందే చెప్పేస్తాం. వెండి ప్రయోగానికి ఈ కిట్ మంచిది, పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తుంది. జింక్ ప్రయోగానికి సగం సరుకే ఇచ్చారు. ఇనుము ప్రయోగానికి పెట్టిన పేరే తప్పు. అన్నిటికంటే పెద్ద లోపం వెంట వచ్చే 24 పేజీల పుస్తకంలో ఉంది. రంగు మారగానే "నానో కణాలు తయారయ్యాయి" అని రాసి అక్కడే ఆపేశారు. అసలు పని మొదలయ్యేది అక్కడే. సీసాలో ఏం తయారైందో, ఎంత తయారైందో తేల్చుకోవడానికి కావలసిన పోలిక ఫ్లాస్కుల గురించి ఒక్క వాక్యం కూడా లేదు.

పెట్టెలో 1 గ్రాము సిల్వర్ నైట్రేట్, 25 గ్రాముల జింక్ అసిటేట్, 10 గ్రాముల ఫెర్రిక్ క్లోరైడ్, 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ 100 మి.లీ., కొద్దిగా మిథిలీన్ బ్లూ, 5 గ్రాముల సోడియం బోరోహైడ్రైడ్, 50 గ్రాముల ఎండు తులసి పొడి ఉన్నాయి. వాట్‌మన్ 1వ నంబరు ఫిల్టర్ పేపర్లు 20, పీహెచ్ పేపర్, డ్రాపర్లు, 250 మి.లీ. పట్టే గోధుమ రంగు సీసా, లేజర్ పాయింటర్, అర లీటరు డిస్టిల్డ్ వాటర్ కూడా ఇచ్చారు. గ్లవుజులు లేవు. ఇది చిన్న విషయం కాదు, ఎందుకో తర్వాత చెప్తాం.

నీళ్ల దగ్గరే సగం ప్రయోగాలు పాడవుతాయి. అర లీటరు డిస్టిల్డ్ వాటర్ నాలుగైదు ఫ్లాస్కులకు అయిపోతుంది. తర్వాత పిల్లలు చేసేది కుళాయి నీళ్లో, బోరు నీళ్లో పట్టుకోవడమే. ఇక్కడి బోరు నీళ్లలో క్లోరైడ్ ఉంటుంది. సిల్వర్ నైట్రేట్ తగలగానే పాలు విరిగినట్టు తెల్లటి మబ్బు లేస్తుంది. అది సిల్వర్ క్లోరైడ్. వెలుతురుకు ఊదా రంగులోకి, తర్వాత నలుపులోకి తిరుగుతుంది. అది చూసి నానో కణాలు వచ్చాయని రికార్డులో రాసేవాళ్లు ఉన్నారు. ఇంట్లో ఆర్వో మిషన్ నీళ్లు కూడా చాలవు, అందులోనూ కొంత క్లోరైడ్ మిగులుతుంది. బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ క్యాన్ కొంటే చాలావరకు పని జరుగుతుంది. కానీ ప్రతి క్యాన్‌నూ పరీక్షించండి. 5 మి.లీ. నీళ్లలో ఒక చుక్క సిల్వర్ నైట్రేట్ ద్రావణం వేసి, నల్ల కాగితం ముందు పట్టుకుని చూడండి. ఏ మాత్రం మబ్బు కనిపించినా ఆ క్యాన్ గ్లాసుసామాను మొదటిసారి కడగడానికి మాత్రమే. చివరి కడుగుడు మాత్రం ఈ పరీక్ష నెగ్గిన నీటితోనే అవ్వాలి.

సిల్వర్ నైట్రేట్ తూచడం ఇంకో ఇబ్బంది. 1 మిల్లీమోలార్ గాఢత ఉన్న ద్రావణం 100 మి.లీ. కావాలంటే 17 మిల్లీగ్రాములు తూచాలి. రెండు దశాంశాల త్రాసు మీద ఆ లెక్క తేలదు. పుస్తకంలో "చిటికెడు" అని ఉంది, అది రసాయన శాస్త్రం కాదు. తూకం జోలికి పోకుండా ఒక మార్గం ఉంది. సీసాలో ఉన్న 1 గ్రామునూ ఒకేసారి వాడేయండి. సిల్వర్ నైట్రేట్ అణుభారం 169.87 కాబట్టి 1 గ్రామును కరిగించి మొత్తం 235 మి.లీ.కు తెస్తే 25 మిల్లీమోలార్ స్టాక్ (పలచన చేసి వాడుకునే నిల్వ ద్రావణం) అవుతుంది. కిట్‌లో ఇచ్చిన 250 మి.లీ. సీసాలో అది సరిగ్గా పడుతుంది. ఇక ఎప్పుడు కావాలన్నా 4 మి.లీ. స్టాక్ తీసి 100 మి.లీ.కు పెంచితే 1 మిల్లీమోలార్. చిన్న సీసాను రెండుమూడుసార్లు నీటితో కడిగి ఆ కడుగు నీళ్లు కూడా స్టాక్‌లోనే పోయండి. సీసాకు అల్యూమినియం ఫాయిల్ చుట్టి చీకట్లో పెడితే నెలల తరబడి నిలుస్తుంది. ఈ లెక్కన 90 మి.లీ. చొప్పున 60కి పైగా ఫ్లాస్కులు చేయొచ్చు. పెట్టె మీద "20 ప్రయోగాలు" అని రాసి తమ సరుకును తామే తక్కువ చేసుకున్నారు.

గ్లవుజుల మాట ఇక్కడ వస్తుంది. ఎన్నికలప్పుడు వేలికి పెట్టే సిరాలో ఉండేది ఈ సిల్వర్ నైట్రేటే. చర్మం మీద పడితే వెంటనే ఏమీ తెలియదు, వెలుతురు తగిలాక నల్లబడి రోజుల తరబడి పోదు. కంట్లో పడితే ప్రమాదం. 3,200 తీసుకునే కిట్‌లో గ్లవుజులు, కళ్లద్దాలు లేకపోవడం తప్పు.

ఆకు సంగతికి వస్తే, కిట్‌లోని తులసి పొడి పనిచేస్తుంది గానీ పచ్చి ఆకు ఇంకా మేలు. చిత్తూరు, తిరుపతి చుట్టుపక్కల వేప, తులసి, కరివేపాకు, మామిడి లేతాకు, నేరేడు, ఉసిరి ఎక్కడైనా దొరుకుతాయి. వెండి అయాన్‌కు ఎలక్ట్రాన్ అందించేవి ఆకులోని పాలీఫీనాల్స్, ఫ్లేవనాయిడ్లు, విటమిన్ సి లాంటివి. పుట్టిన కణాలు ఒకదానికొకటి అతుక్కోకుండా చుట్టూ పొరలా పట్టుకునేవి మాంసకృత్తులు, పిండి పదార్థాలు, కొన్ని ఫీనాల్స్. రెండు పనులూ ఒకే కషాయం చేయడమే ఈ పద్ధతిలోని అందం. వేపాకు కషాయంతో బంగారు, వెండి కణాలు చేసి 2004లో ప్రకటించింది పుణేలోని జాతీయ రసాయన ప్రయోగశాల. కాబట్టి వేపను ఎంచుకుంటే పోల్చుకోవడానికి గట్టి ఆధారం ఉంటుంది. ఎర్రచందనం ఆకు కోసం శేషాచలం అడవిలోకి వెళ్లకండి. అది రక్షిత ప్రాంతం. కావాలంటే పొలం గట్టున సొంతంగా పెంచుకున్న రైతును అడిగి తీసుకోండి.

కషాయం కాచే తీరు పుస్తకంలో బాగానే ఉంది, కొద్దిగా దిద్దుకుంటే చాలు. 10 గ్రాముల పచ్చి ఆకును కుళాయి కింద కడిగి, తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో రెండుసార్లు కడగాలి. రెండో కడుగుడు మానేస్తే ఆకు మీది ఉప్పు, దుమ్ము నేరుగా ఫ్లాస్కులోకి వస్తాయి. సన్నగా తరిగి 100 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో 80 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు ఉంచండి. తెర్లకాచితే రంగు చిక్కబడుతుంది గానీ మాంసకృత్తులు ముద్దలు కట్టి వడపోత ఆగిపోతుంది. చల్లారాక ముందు పలచటి గుడ్డలో, తర్వాత ఫిల్టర్ పేపర్‌లో వడకట్టాలి. గుడ్డ మెట్టు పుస్తకంలో లేదు. నేరుగా పేపర్‌లో పోస్తే అరగంటకు పది చుక్కలు కూడా దిగవు, 20 పేపర్లు రెండు రోజుల్లో అయిపోతాయి. కషాయాన్ని ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర పెట్టి వారంలోపు వాడేయండి. తిరుపతి ఎండలకు బయట ఉంచితే మర్నాటికి బూజు వాసన వస్తుంది.

ఒక ఫ్లాస్కులో 90 మి.లీ. 1 మిల్లీమోలార్ సిల్వర్ నైట్రేట్ తీసుకుని, 60 డిగ్రీల దగ్గర కలియబెడుతూ 10 మి.లీ. కషాయాన్ని చుక్కచుక్కగా వేయాలి. తులసితో సాధారణంగా 15 నుంచి 30 నిమిషాల్లో లేత పసుపు ముదురు పసుపుగా, తర్వాత టీ డికాక్షన్ రంగుకు తిరుగుతుంది. గది ఉష్ణోగ్రత దగ్గర గంటలు పడుతుంది. ఆ గది డిసెంబరులో ఒకలా, మే నెలలో 40 డిగ్రీలు దాటినప్పుడు ఒకలా ఉంటుంది. కాబట్టి "గది ఉష్ణోగ్రత" అని రాయకండి, థర్మామీటరు పెట్టి చూసి అంకె రాయండి. ఫ్లాస్కును ఎండలో పెడితే నిమిషాల్లో రంగొస్తుంది. అప్పుడు పని చేసింది ఆకా, ఎండా అన్నది తేలదు. ఫాయిల్ చుట్టేయండి.

పీహెచ్ పెంచితే వేగం పెరుగుతుంది. వడకట్టిన కషాయం మామూలుగా 5.5, 6.5 మధ్య ఉంటుంది. దాన్ని సోడియం హైడ్రాక్సైడ్‌తో 8కి తెస్తే ఫీనాల్ గుంపులు హైడ్రోజన్ వదిలేసి ఎలక్ట్రాన్ ఇవ్వడానికి మరింత సిద్ధమవుతాయి. కణాలు ఎక్కువ సంఖ్యలో, చిన్న సైజులో పుడతాయి. కానీ చేయి జారి ఎక్కువ పోస్తే అసలు ఆకుతో పనే లేకుండా గోధుమ రంగు సిల్వర్ ఆక్సైడ్ అడుగుకు దిగుతుంది. రంగు చూస్తే విజయం లాగే ఉంటుంది. హైడ్రాక్సైడ్ బదులు అమ్మోనియా వాడమని కొందరు చెప్తుంటారు. వెండి కలిసిన అమ్మోనియా ద్రావణం నిల్వ ఉంటే పేలే పదార్థం ఏర్పడుతుంది. ఈ పనికి అమ్మోనియా వద్దు.

అందుకే ప్రతిసారీ ఒక ఫ్లాస్కు కాదు, నాలుగు పెట్టాలి. మొదటిది అసలు ప్రయోగం. రెండోదానిలో కషాయం బదులు అంతే నీళ్లు. మూడోదానిలో సిల్వర్ నైట్రేట్ బదులు నీళ్లు, కషాయం మామూలే. నాలుగోదానిలో ఆకు లేకుండా సిల్వర్ నైట్రేట్‌ను సోడియం హైడ్రాక్సైడ్‌తో మొదటి ఫ్లాస్కు పీహెచ్‌కే తేవాలి. నాలుగూ ఒకే స్టాండు మీద, ఒకే వేడిలో ఉండాలి. మొదటిది రంగు మారి, మిగతా మూడూ మారకపోతేనే ఆ రంగు గురించి మాట్లాడటానికి మీకు హక్కుంటుంది. సిల్వర్ నైట్రేట్ 60కి పైగా ఫ్లాస్కులకు సరిపోతుంది కాబట్టి ఈ ఖర్చు పెద్దది కాదు.

తరచుగా చెడేవి ఇలా కనిపిస్తాయి. కషాయం వేసిన క్షణంలోనే పాలలా మబ్బు లేస్తే క్లోరైడ్ ఉందన్నమాట. నీటి పరీక్ష నెగ్గి ఉంటే అది ఆకులోంచి వచ్చింది, ఉప్పునీళ్లు తాగిన మొక్కకు ఇది మామూలే. వేరే చెట్టు ఆకు చూడండి. రంగు బాగా వచ్చి మర్నాటికి బూడిద రంగుకు తిరిగి అడుగున నల్లటి మడ్డి దిగితే కణాలు అతుక్కుపోయాయి. కషాయం తక్కువైంది, లేదా పీహెచ్ పడిపోయింది. 10 మి.లీ.కు బదులు 15 మి.లీ. కషాయంతో చేసి చూడండి. ఒక్కోసారి ఫ్లాస్కు గోడకు అద్దంలా వెండి పూత పడుతుంది. సగానికి సగం నీళ్లు కలిపిన నైట్రిక్ ఆమ్లంతో, లెక్చరర్ దగ్గరుండగా, కడిగితే పోతుంది. రెండు గంటలైనా రంగే రాకపోతే ఆకు ముదిరిపోయిందో, కషాయం పాతదో అయ్యుంటుంది. అప్పుడు వేడి పెంచడం కన్నా కొత్త కషాయం కాచుకోవడం మంచిది.

లేజర్ పాయింటర్ గురించి పుస్తకం పెద్ద మాట చెప్పింది. ద్రావణంలో కాంతి దారి కనిపిస్తే నానో కణాలు ఉన్నట్టేనట. వట్టి కషాయంలో కూడా ఆ దారి కనిపిస్తుంది, మూడో ఫ్లాస్కు మీద వేసి చూడండి. పలచటి పాలల్లోనూ కనిపిస్తుంది. ఇది పిల్లలకు కొల్లాయిడ్ (ద్రవంలో సన్నటి రేణువులు తేలియాడే మిశ్రమం) అంటే ఏమిటో చూపించడానికి పనికొచ్చే వస్తువు, వెండిని నిరూపించదు.

నిరూపించడానికి మొదటి మెట్టు యూవీ-విజిబుల్ స్పెక్ట్రోఫోటోమీటర్, అంటే ద్రావణం ఏ కాంతిని ఎంత పీల్చుకుంటుందో కొలిచే యంత్రం. మీ కాలేజీలో లేకపోతే హెచ్‌ఓడీ ద్వారా ఉత్తరం పెట్టి యూనివర్సిటీలో అడగండి, తిరుపతిలో యూనివర్సిటీలకు కొదవ లేదు. 350 నుంచి 700 నానోమీటర్ల వరకు స్కాన్ చేస్తే వెండి కణాలకు 400, 450 మధ్య శిఖరం రావాలి. బ్లాంకుగా (పోలిక కోసం పెట్టే నమూనాగా) నీళ్లు పెట్టకండి. మూడో ఫ్లాస్కులోని కషాయమే బ్లాంకు, లేకపోతే ఆకు సొంత రంగు శిఖరాన్ని మింగేస్తుంది. అబ్సార్బెన్స్ (కాంతిని పీల్చుకున్న కొలత) 1 లోపు ఉండేలా పలచన చేసుకోండి. శిఖరం సన్నగా ఉంటే సైజులు దగ్గరదగ్గరగా ఉన్నట్టు, వెడల్పైతే కలగాపులగం. 600 దాటాక కూడా తోక దిగకపోతే కణాలు గుంపులు కట్టాయి. శిఖరం ఉన్న చోటును బట్టి సైజు ఇంత అని మాత్రం రాయలేం.

ఎంత వెండి ఉందో లెక్క వేయడం కిట్ నేర్పలేదు, నేర్పాల్సిన పాఠం అదే. 100 మి.లీ. 1 మిల్లీమోలార్ ద్రావణంలో మొత్తం వెండి 10.8 మిల్లీగ్రాములు. అంతకు మించి ఒక్క మిల్లీగ్రాము కూడా రావడానికి వీల్లేదు. పుస్తకం చెప్పినట్టు ఫ్లాస్కు మొత్తం ఆరబెట్టి గీకితే 50, 60 మిల్లీగ్రాముల గోధుమ పొడి వస్తే, అందులో ఎక్కువ భాగం ఎండిన ఆకు సారమే. దాన్ని "నానో వెండి పొడి" అని తూచి సూక్ష్మజీవుల మీద మోతాదులు రాస్తే ఆ అంకెలకు అర్థం లేదు. ఒక గ్రాము వెండి కణాలు కావాలంటే, పూర్తిగా మారినా, 9 లీటర్లకు పైగా ద్రావణం కావాలి.

కడగడానికి సెంట్రిఫ్యూజ్ కావాలి. నిమిషానికి 10,000 నుంచి 12,000 చుట్లు, 20 నిమిషాలు, మూడుసార్లు. చాలా కాలేజీల్లో ఉండేది 4,000 చుట్ల యంత్రం. దానితో పెద్ద ముద్దలు మాత్రమే దిగి, అసలైన చిన్న కణాలు పైనీళ్లతో పాటు సింకులోకి పోతాయి. అలాంటిచోట డయాలిసిస్ సంచిలో (చిన్న అణువులను మాత్రమే బయటికి వదిలే పొర సంచి) పోసి డిస్టిల్డ్ వాటర్‌లో రాత్రంతా ఉంచి, నీళ్లు రెండుసార్లు మార్చడం మంచి ప్రత్యామ్నాయం. కడిగిన నీటిలో ఒక చుక్క ఉప్పునీరు వేయండి. తెల్లటి మబ్బు వస్తే మారకుండా మిగిలిన వెండి అయాన్ ఇంకా ఉంది. బ్యాక్టీరియా పరీక్షకు ఇది ప్రాణం లాంటి మెట్టు. వెండి అయాన్ తనంతట తానే సూక్ష్మజీవులను చంపుతుంది. అది మిగిలి ఉండగా, ద్రావణం అద్దిన కాగితపు డిస్కు చుట్టూ బ్యాక్టీరియా పెరగక మిగిలిన ఖాళీ వలయాన్ని నానో కణాల ఖాతాలో వేయడం ఈ రంగంలో తరచూ జరిగే పొరపాటు. వట్టి కషాయం, అంతే వెండి ఉన్న సిల్వర్ నైట్రేట్, కడిగిన కణాలు, ఒక యాంటీబయాటిక్ డిస్కు, నాలుగూ ఒకే ప్లేటు మీద ఉండాలి. ఆటోక్లేవ్ (ఆవిరితో సూక్ష్మజీవులను చంపే యంత్రం), మైక్రోబయాలజీ ల్యాబ్ లేనిచోట, ముఖ్యంగా స్కూళ్లలో, బ్యాక్టీరియా పెంచే పనే పెట్టుకోవద్దు.

ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్‌రేలతో స్ఫటికం ఏదో గుర్తించే పరీక్ష) చేయించగలిగితే లోహ వెండికి 38.1, 44.3, 64.4, 77.4 డిగ్రీల దగ్గర గీతలు రావాలి. 27.8, 32.2, 46.2 దగ్గర కూడా వస్తే అది సిల్వర్ క్లోరైడ్. "ఆకు పదార్థాల వల్ల వచ్చిన గీతలు" అని ఒక ముక్క రాసి దాటవేయకండి. మళ్లీ నీళ్ల దగ్గరికే రావాలి.

ఇక జింక్. "ఆకు కషాయం జింక్‌ను క్షయకరణం చేసి నానో జింక్ ఇస్తుంది" అని పుస్తకంలో ఉంది. ఇది తప్పు. అయాన్ ఎంత తేలిగ్గా ఎలక్ట్రాన్ తీసుకుని లోహంగా మారుతుందో చెప్పే ప్రామాణిక పొటెన్షియల్ వెండికి 0.80 వోల్టులు, జింక్‌కు మైనస్ 0.76. ఆకులోని ఏ ఫీనాలూ నీటిలో జింక్ అయాన్‌ను లోహంగా మార్చలేదు. ఇక్కడ వచ్చేది జింక్ ఆక్సైడ్. దాన్ని దింపేది క్షారం, ఆకు చేసేది కణాల సైజును అదుపులో పెట్టడం. ఆ మాట పక్కన పెడితే ప్రయోగం మంచిదే. 2.19 గ్రాముల జింక్ అసిటేట్‌ను 100 మి.లీ. నీటిలో కరిగించి, 20 మి.లీ. కషాయం కలిపి, 70 డిగ్రీల దగ్గర కలియబెడుతూ పీహెచ్ 10 వచ్చేదాకా క్షారం పోయాలి. ఇక్కడే కిట్ చేతులెత్తేస్తుంది. ఈ జింక్‌కు 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ కనీసం 200 మి.లీ. కావాలి, ఇచ్చింది 100. విడిగా 8 గ్రాముల సోడియం హైడ్రాక్సైడ్ గుళికలను 100 మి.లీ. నీటిలో జాగ్రత్తగా కరిగించి 2 మోలార్ చేసుకోండి, 10 మి.లీ. కొంచెం అటూ ఇటూ సరిపోతుంది. పీహెచ్ 13 దాటితే దిగిన తెల్లటి మడ్డి మళ్లీ కరిగిపోతుంది. రెండు గంటలు వేడిలోనే ఉంచి, కడిగి, ఆరబెట్టి, మఫిల్ ఫర్నేసులో (ల్యాబ్ కొలిమి) 400 డిగ్రీల దగ్గర రెండు గంటలు కాల్చాలి. కాల్చకపోతే హైడ్రాక్సైడ్ మిగిలి ఉండొచ్చు. నూటికి నూరు వస్తే 0.81 గ్రాము. వేడిగా ఉన్నప్పుడు పసుపుగా, చల్లారితే తెల్లగా మారడం జింక్ ఆక్సైడ్ గుణం. యంత్రం లేకుండా కంటితో చూసుకోగలిగిన పరీక్ష ఇది.

దీని ఉపయోగం మన నేలకు దగ్గరది. వేరుశనగ విత్తనం మీద నానో జింక్ ఆక్సైడ్ పనితీరును చూసి 2012లో ప్రకటించిన అధ్యయనం తిరుపతి వ్యవసాయ పరిశోధకులదే. సగటున 25 నానోమీటర్ల కణాలు, లీటరుకు 1 గ్రాము మోతాదులో, మొలకను, మొక్క బలాన్ని పెంచాయి. మోతాదు రెట్టింపు చేసి 2 గ్రాములు వేస్తే దెబ్బతీశాయి. కిట్ పుస్తకం "ఎంత ఎక్కువైతే అంత మంచిది" అన్న ధోరణిలో 5 గ్రాములు వేయమంటోంది. అది వినకండి. మీ కణాల సైజు కొలవలేదు కాబట్టి పొలంలో కాకుండా మొలక పరీక్షగానే చేయండి. ధరణి లాంటి రకం విత్తనాలు 50 చొప్పున నాలుగు వాటాలు చేయండి. ఒక వాటా వట్టి నీళ్లలో, ఒకటి లీటరుకు 3.5 గ్రాముల జింక్ సల్ఫేట్ హెప్టాహైడ్రేట్ ద్రావణంలో, ఒకటి షాపులో దొరికే మామూలు జింక్ ఆక్సైడ్ 1 గ్రాములో, ఒకటి అంతే మోతాదులో మీరు చేసినదాంట్లో. మూడింటిలోనూ జింక్ పాళ్లు దాదాపు ఒకటే అవుతాయి. కణాలు అడుక్కు దిగుతాయి కాబట్టి మూడు గంటలు నానే సేపూ మధ్యమధ్యలో కదపాలి. నీడన ఆరబెట్టి తడి కాగితపు చుట్టలో పెట్టి పదో రోజున మొలకలు లెక్కించి, వేరు పొడవు కొలవండి.

ఇనుము ప్రయోగం పేరు "ఐరన్ నానో కణాలు". కరక్కాయ కషాయంలోనో టీలోనో ఫెర్రిక్ క్లోరైడ్ వేస్తే క్షణంలో నల్లబడుతుంది, పిల్లలు చప్పట్లు కొడతారు. శ్రీకాళహస్తి కలంకారీ వాళ్లకు ఈ నలుపు తరతరాలుగా తెలుసు. కరక్కాయ పట్టించిన గుడ్డ మీద, బెల్లం నీళ్లలో ఇనుము నానబెట్టి తీసిన ద్రవంతో గీసే నల్ల గీత ఇదే రసాయనం. ఇనుమూ, టానిన్లూ (కరక్కాయ, టీలలోని వగరు పదార్థాలు) కలిసిన సంక్లిష్టం అది, లోహ ఇనుము కాదు. పాత కాలపు కరక్కాయ, అన్నభేది సిరా కూడా ఇంతే. ఈ ప్రయోగాన్ని కలంకారీ నలుపు పాఠంగా చెప్పిస్తే చాలా బాగుంటుంది. నానో అని పేరు పెట్టి రికార్డులో రాయించకండి.

మిథిలీన్ బ్లూ ప్రయోగం మాత్రం కిట్‌కు అందం తెచ్చింది. 10 పీపీఎం (లీటరుకు 10 మిల్లీగ్రాములు) రంగు నీరు 10 మి.లీ. తీసుకుని, 38 మిల్లీగ్రాముల సోడియం బోరోహైడ్రైడ్‌ను 10 మి.లీ. ఐసు నీటిలో అప్పటికప్పుడు కరిగించి అందులోంచి 1 మి.లీ. వేయండి. అలాంటివే రెండు గొట్టాలు పెట్టి, ఒకదానిలో మాత్రమే 0.1 మి.లీ. కడిగిన వెండి కణాలు వేసి స్టాప్‌వాచ్ నొక్కండి. కణాలున్న గొట్టంలో నీలం త్వరగా పోతుంది. వెండి ఉత్ప్రేరకంగా పనిచేసిందనడానికి ఇది మంచి సాక్ష్యం. బోరోహైడ్రైడ్ ద్రావణం నిల్వ ఉండదు, హైడ్రోజన్ వదులుతుంది. కాబట్టి మూత బిగించొద్దు, దగ్గర్లో మంట ఉండకూడదు. పుస్తకం దీన్ని అద్దకపు నీళ్ల శుద్ధి అంటోంది. నగరి, పుత్తూరు వైపు మరమగ్గాలు, అద్దకం చూసినవాళ్లకు ఈ మాట ఆశ పుట్టిస్తుంది. గొట్టాన్ని గాలి తగిలేలా బాగా కుదిపి కాసేపు ఆగి చూడండి, బోరోహైడ్రైడ్ అయిపోయాక నీలం తిరిగి వస్తుంది. రంగు అణువు విరగలేదు, రంగు లేని రూపానికి మారిందంతే.

పుస్తకం చివరి పేజీ చింపేయాల్సింది. తయారైన ద్రావణాన్ని రోజూ రెండు చెంచాలు తాగొచ్చనీ, టమాటా తోటకు కొట్టొచ్చనీ రాశారు. తాగడం వల్ల వెండి చర్మంలో చేరి శాశ్వతంగా నీలి బూడిద రంగు మిగిల్చే ఆర్జీరియా రావచ్చు. కొల్లాయిడల్ సిల్వర్ (సన్నటి వెండి రేణువుల ద్రవం) మందుల సురక్షితత్వం, ప్రయోజనం రుజువు కాలేదని అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1999లోనే తేల్చింది. పైగా ఇందులో మారని సిల్వర్ నైట్రేట్ ఉంటుంది. ఆకుతో చేశామన్న ఒక్క కారణానికి అది కషాయం అయిపోదు. తోటకు కొట్టే మందైతే 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టం కింద రిజిస్ట్రేషన్ లేకుండా అమ్మకూడదు. వెండి నేలలోని మంచి సూక్ష్మజీవులనూ వదలదు. కాలేజీ ల్యాబ్ వాళ్లకు గుడ్డ మీద పూత మంచి ప్రయోగం. 5 సెంటీమీటర్ల నూలు గుడ్డ ముక్కను వెండి కణాల ద్రావణంలో అరగంట ముంచి ఆరబెట్టి, సబ్బుతో ఐదుసార్లు ఉతికి, ప్రతి ఉతుకు తర్వాత ఫొటో తీయండి. రంగు ఎంత త్వరగా దిగిపోతుందో చూస్తే పూతను గుడ్డకు అతికించడం ఎంత కష్టమో అర్థమవుతుంది.

వ్యర్థాల గురించి కిట్‌లో ఏమీ లేదు. వెండి నీళ్లు చేపలకు, నీటి పురుగులకు విషం, సింకులో పోయకూడదు. ఒక ప్లాస్టిక్ డబ్బాకు "వెండి వ్యర్థం" అని చీటీ అంటించి అన్నీ అందులోనే పోయండి. నెలకోసారి ఉప్పు వేసి ఒక రాత్రి ఉంచితే మారని వెండి సిల్వర్ క్లోరైడ్‌గా, కణాలు ముద్దలుగా అడుగుకు దిగుతాయి. పైనీళ్లను ఇంకో చుక్క ఉప్పునీటితో పరీక్షించి, మబ్బు రాకపోతేనే వడకట్టి వదలాలి. అడుగున దిగిన మడ్డిని ఫిల్టర్ పేపర్‌తో సహా ఆరబెట్టి, రసాయన వ్యర్థాలు తీసుకెళ్లేవాళ్లకు ఇవ్వాలి.

కొనేటప్పుడు షాపులోనే పెట్టె విప్పించి సిల్వర్ నైట్రేట్ సీసా చూడండి. స్ఫటికాలు తెల్లగా ఉండాలి, బూడిద రంగుకు తిరిగి ఉంటే మార్చమనండి. బోరోహైడ్రైడ్ పొడి గడ్డకట్టి ఉంటే తేమ తగిలిందన్నమాట, అదీ తీసుకోకండి. గ్లవుజులు, కళ్లద్దాలు, 5 లీటర్ల బ్యాటరీ వాటర్ క్యాన్, సోడియం హైడ్రాక్సైడ్ గుళికలు, 5 మి.లీ. గ్రాడ్యుయేటెడ్ పిపెట్ విడిగా కొనుక్కోవాలి. డ్రాపర్‌తో 4 మి.లీ. స్టాక్ కొలవడం కుదరదు.